ఇంజన్ ఆపమంటారా?

(ఆఫీసు పోర్టికోలో నిలబెట్టిన కారు. చలికాలం, పొద్దున పదకొండు. వెనక సీట్లో విచారణాధికారి, ఆయన పక్కన ఒళ్ళో కాగితాలతో గుమాస్తా. స్టీరింగు ముందు డ్రైవరు.)

“…అది కాదయ్యా నేనడిగేది. ఎండాకాలంలో లీటరుకు పదమూడు కిలోమీటర్లు నడిచిన కారు చలికాలంలో తొమ్మిదే ఎందుకు నడుస్తోంది? మిగతా నాలుగు కిలోమీటర్ల పెట్రోలు ఎవరు తాగారు?”

“చలి తాగిందండీ.”

“గుమాస్తా, రాయి. నేరం చలి మీదికి నెట్టాడు.”

“రాశాను సార్. చలి హోదా ఏమని రాయమంటారు?”

“వేళాకోళమా?”

“కాదు సార్. నిందితుడి పేరు పక్కన హోదా గడి ఉంది. ఖాళీగా వదిలితే పై ఆఫీసువాళ్ళు తిప్పి పంపిస్తారు.”

“అయితే చలి పేరు కొట్టెయ్. ఇతని పేరే ఉంచు. ఏమోయ్ డ్రైవరూ, చలి ఊరందరికీ వచ్చింది. నీ కారొక్కదానికే వచ్చిందా?”

“అందరి కార్లకీ వచ్చిందండీ. వాళ్ళని పట్టుకుని అడిగేవాళ్ళు లేరు, నన్ను అడిగేవాళ్ళున్నారు. అయ్యా, ఇంజన్ ఆపమంటారా?”

“ఆపకు. ఆపితే హీటరు ఆగిపోతుంది. నాకసలే ఆయాసం.”

“తొమ్మిది రోజుల్నించీ ఇలాగే…”

“విచారణ గదిలో కిటికీ అద్దం పగిలింది. బాగుచేయించే ఫైలు కదుల్తోంది. అది కదిలేదాకా మనం ఇక్కడే. నేనడిగినదానికి జవాబు చెప్పు. చలికీ పెట్రోలుకీ సంబంధమేమిటి?”

“ఇంజన్లో నూనె ఉంటుంది కదండీ, అది చిక్కబడుతుంది. తలనూనె సీసా చూడండి, చలికి గడ్డకడితే తలకిందులు చేసినా చుక్క రాలదు. ఇదీ అంతే. చిక్కటి నూనెలో తిరగాలంటే ఇంజన్‌కి బలం కావాలి. ఆ బలం పెట్రోల్లోంచే రావాలి.”

“అంటే నూనె దొంగ.”

“దొంగలెవరూ లేరండీ ఇందులో. పైగా చల్లటి ఇంజన్లో పెట్రోలు సరిగ్గా అంటుకోదు. అందుకని వేడెక్కేదాకా నాలుగు చుక్కలు ఎక్కువే తీసుకుంటుంది. పావుగంట నడిస్తేగాని దారిలో పడదు.”

“మరి నడపచ్చుగా పావుగంట?”

“ఎక్కడికి నడపనండీ? డైరెక్టరు గారి ఇల్లు రెండు వీధుల అవతల. ఎక్కి తలుపు వేసుకునేలోపే దిగాలి. ఇంజన్ వేడెక్కదు. మళ్ళీ భోజనానికి ఇంటికి, మళ్ళీ ఆఫీసుకు. ఈ విచారణ మొదలయ్యేదాకా రోజుకు ఆరుసార్లు చల్లటి ఇంజన్ లేపేవాణ్ణి. నిద్రలోంచి ఆరుసార్లు లేపితే మనిషైనా…”

“ఆగు. డైరెక్టరు గారి పేరు ఇందులోకి రాకూడదు. గుమాస్తా, ‘ఒక ప్రముఖ వ్యక్తి’ అని రాయి.”

“ఒక ప్రముఖ వ్యక్తి ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల దూరం. అందరికీ తెలిసిపోతుంది సార్.”

“అయితే దూరం తీసెయ్.”

“దూరం తీసేస్తే కారెందుకు సార్?”

“నువ్వు రాసేవాడివి. అడిగేవాణ్ణి నేను. ఇంకేమిటోయ్, నీ చలిపురాణం అయిపోయిందా?”

“టైర్లండీ. చలికి గాలి తగ్గుతుంది. వారానికోసారి కొట్టిస్తేగాని ఉండదు. గాలి తగ్గిన టైరు నేలకు అతుక్కుంటుంది, లాగడానికి పెట్రోలు ఎక్కువవుతుంది.”

“గాలి కూడా చలికి ముడుచుకుంటుందా?”

“మీరు మఫ్లరు చుట్టుకుని మూలకు ముడుచుకోలేదా అండీ?”

“నా సంగతి వదిలెయ్.”

“అన్నిటికంటే పెద్ద కారణం ఇంకోటుందండీ. మొదటి రోజునించీ చెబుదామనుకుంటున్నా. కారు కదలకుండా ఇంజన్ ఊరికే తిరుగుతుంటే…”

“ఊరికే చెప్పుకుంటూ పోకు. అడిగినప్పుడు చెప్పు. నేను ముప్ఫై విచారణలు చేశాను, తెలుసా? నోరు తెరవగానే చలి అన్నావు చూడు, అక్కడే దొరికిపోయావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.”

“అయ్యా, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ స్టీరింగు పట్టుకున్నాను. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాను. దండలు వద్దు, సభలు వద్దు. దొంగ అనే మాట వెంటేసుకుని ఇంటికి వెళ్ళలేనండీ. సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే మా ఆవిడ మంచినీళ్ళిచ్చేముందు అడుగుతోంది, ఇవాళైనా తేలిందా అని. మా కోడలు అడగదు. అడగకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.”

“అందుకే తొందరగా తేలుస్తున్నాను. ఇవాళే నివేదిక. మొదటి రోజు నేనేం చేశానో గుర్తుందా?”

“ఎలా మర్చిపోతానండీ. మీ ఎదుటే ట్యాంకు నిండా పోయించారు. మూతకు తాళం వేసి లక్క సీలు కొట్టించారు. తాళంచెవి మీ జేబులో వేసుకున్నారు. కారు సాక్ష్యం, అంగుళం కదపకూడదన్నారు.”

“అదీ విచారణంటే. తాళంచెవి నీ దగ్గరున్నప్పుడు పెట్రోలు పోయింది. నా దగ్గరున్నప్పుడు పోయిందా?”

“అయ్యా, అదే నేను చెప్పబోయేది. ఇక్కడ ఎర్రదీపం వెలిగింది.”

“వెలగనీ. కాగితాలు బాగా కనబడతాయి.”

“నిన్న కూడా చెప్పానండీ, ముల్లు కిందికి…”

“ముల్లు సంగతి తర్వాత. గుమాస్తా, రాసుకో. చలికి పెట్రోలు తాగే గుణం ఉన్నదని చెప్పుటకు ఆధారములు లేవు.”

“…ఆధారములు లేవు. రాశాను సార్.”

“చలి వలన ఖర్చు పెరిగినదని ఎవరు చెప్పినను, వారి హోదా ఎంతటిదైనను, అది తప్పించుకొను ప్రయత్నముగా భావించవలెను.”

“ఎవరు చెప్పినను. రాశాను సార్.”

“కావున ఈ డ్రైవరును… కలం ఇటివ్వు, సంతకం పెట్టేస్తాను. వేళ్ళు కొయ్యబారుతున్నాయి. హీటరు కొంచెం పెంచవోయ్.”

“ఇంజన్ ఆపమంటారా అండీ? చివరిసారి అడుగుతున్నాను.”

“ఎన్నిసార్లు చెప్పాలి నీకు, ఆపకు అంటే… అదేమిటి? ఎందుకాపావు?”

“నేనాపలేదండీ. అదే ఆగింది.”

“ఎందుకు ఆగుతుంది?”

“పెట్రోలు అయిపోయింది.”

“అయిపోవడమేమిటి? నలభై రెండు లీటర్లు. నేను కళ్ళారా చూసి పోయించాను. గుమాస్తా, దిగి మూత చూసిరా.”

“…చూశాను సార్. సీలు వేసింది వేసినట్టే ఉంది. తాళమూ అంతే.”

“తాళంచెవి?”

“తమరి దగ్గరే సార్. కోటు జేబులో. ఆ జేబు కాదు, లోపలిది. భుజాల దగ్గర ఉండదు సార్.”

“తొమ్మిది రోజుల్లో ఈ కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?”

“అంగుళం కదపొద్దన్నారు కదండీ. రోజుకు ఐదు గంటలు ఇంజన్ తిరిగింది, చక్రం తిరగలేదు. సున్నా.”

“నలభై రెండు లీటర్లకు సున్నా.”

“నా చేతుల్లో తొమ్మిదైనా ఇచ్చిందండీ.”

“గుమాస్తా, ఇదంతా రాస్తున్నావా?”

“పొల్లుపోకుండా రాయమన్నారు కదా సార్. మొదటి పేజీలో కూడా తమరు చెప్పిందే ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరున్నదో, పెట్రోలుకు జవాబుదారీ వారే. నిందితుడి గడిలో పేరు మార్చమంటారా? ఈసారి హోదా కూడా ఉంది.”

“ఉండవయ్యా, తొందరపడకు. తలుపు దగ్గరగా వెయ్యి, చలి కోసేస్తోంది. ఆ నివేదిక ఇలా ఇవ్వు. సంతకం పెట్టలేదు కదా?”

“లేదు సార్. కలం తమరి చేతిలోనే ఉంది.”

“మంచిది. కొత్త కాగితం తియ్యి. డ్రైవరు గారూ…”

“అయ్యా?”

“ముందు ఒంటరిగా ఎందుకండీ, ఇలా వచ్చి మా పక్కన కూర్చోండి. చలికి పెట్రోలు ఎందుకు ఎక్కువవుతుందో ఇందాక ఏదో చెబుతున్నారు, నేనే మధ్యలో అడ్డొచ్చాను. మొదట్నించీ, నిదానంగా చెప్పండి. గుమాస్తా, వారు చెప్పింది చెప్పినట్టు రాసుకో.”