నాట్లకు ఇంటికెళ్ళే సైన్యం

జూన్ పన్నెండు, శుక్రవారం. పొద్దుటి నుంచీ తుంపర. కాఫీ మెషీన్‌లో పాలు పోయించాను.

(నవ్వులు)

మన్నించాలి. రోజూ లెక్కలు ఇలా మొదలుపెట్టే అలవాటు, మైకు ముందు వేరే మొదలు తోచలేదు. అధ్యక్షత వహించిన మన ఆటల స్టూడియో పెద్ద దేవరాజ్ గారికి, బెంగళూరులోని ఈ వైట్‌ఫీల్డ్ ఆఫీసులోని మిత్రులందరికీ, ఇవాళ మనల్ని విడిచి వెళ్తున్న లిడియా గారికి నమస్కారం. నేను నర్సింహులు, అకౌంట్లు చూస్తాను. నా చేత మాట్లాడించమని లిడియా గారే అడిగారట. ఎందుకో తెలియదు.

జపాన్ సమురాయ్ యోధుల మీద మనం చేస్తున్న కంప్యూటర్ ఆటలో చరిత్ర సరిచూసేది లిడియా గారు. ఆటలంటే ఏమీ తెలియని మనిషిని శుక్రవారం శుక్రవారం కూర్చోబెట్టి, నోరు మెదపకుండా వెనక నిలబడి, ఎక్కడ తికమకపడతాడో చూడటం మన పద్ధతి. ఆ మనిషిని నేను. సమురాయ్ అంటే కత్తి అనుకుని కూర్చున్నాను. చూస్తే గుర్రాల మీద వాళ్ళ చేతుల్లో విల్లులు, నేల మీద రైతుల చేతుల్లో మనిషి ఎత్తుకు రెండింతల ఈటెలు. కత్తి నడుముకే ఉండిపోయింది. సరే, ఇంతమందికి తిండి ఎట్లా అని ముందు బియ్యం బండ్లు పంపించాను. అంతలో వానలు మొదలై, తెర మీద 'నాట్ల కాలం' అని పడింది. పక్కనే ఆ రైతులను ఇంటికి పంపే బటన్ ఉంది. మాది దేవనహళ్ళి పక్క పల్లె, వాన పడితే చేతిలో పని ఏదైనా వదిలి పొలానికి పోయేవాళ్ళం. నొక్కేశాను. అందరూ వెళ్ళిపోయారు. అవతలి దొర మనుషులూ వెళ్ళిపోయారు. యుద్ధం జరగలేదు.

"ఏమప్పా నర్సింహులన్నా, నీకు యుద్ధం ఆట ఇచ్చినామా, రేషన్ అంగడి ఇచ్చినామా?" అన్నారు దేవరాజ్ గారు. ఆటలో తప్పులు పట్టే జాయ్ దాన్ని లోపంగా రాసుకున్నాడు. తల దించుకోకు జాయ్, నీ పని నువ్వు చేశావు. లిడియా గారు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "బాబాయ్, ఈ ఆట సరిగ్గా ఆడింది మీరొక్కరే," అన్నారు. అందులో ఎగతాళి ఎంతో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత దేవరాజ్ గారికీ లిడియా గారికీ ఒకటే వాదన. "ఆట తెరిస్తే అందరూ పొలానికి పోతా ఉంటే ఎవుడు కొంటాడమ్మా? ఏడాది పొడుగునా కొలువులో ఉండే సిపాయిలూ ఆ దేశంలో ఉండారని నువ్వే చెప్తివి గదా," అని ఆయన. "కొందరు దొరల దగ్గర ఉన్నారు సార్, అందరి దగ్గరా కాదు. ఆ బటన్ తీసేస్తే వీళ్ళు మనుషులు కాదు, పావులు," అని ఈమె. ఆయన మాట వింటే ఆయనది నిజం, ఈమె మాట వింటే ఈమెది నిజం. ఆటలో ఉండేది పావులే కదా అని కూడా అనిపించింది. బటన్ తీసేశారు. విల్లులు తగ్గి కత్తులు వచ్చాయి. లిడియా గారు రాజీనామా ఇచ్చారు. ఒక్క బటన్ కోసం ఉద్యోగం వదులుకుంటారా అని బస్సులో ఇంటికి పోతూ నేనే అనుకున్నాను.



ఇవాళ పొద్దున అట్లా మార్చిన ఆటకు కూర్చున్నాను. కత్తులు బాగున్నాయి దేవరాజ్ గారూ, మెరుస్తున్నాయి. గెలుస్తున్నాను కూడా. అంతలో వాన మొదలైంది. బటన్ తీశారు గాని పొలాలు తీయటం మరిచారు. మళ్ళలో నీళ్ళు నిలిచాయి, నారు సిద్ధంగా ఉంది, నాటే మనిషి లేడు. నా వేలు ఆ బటన్ ఉండే చోటికే పోయింది. ఏం నొక్కాలో తోచక, ఆట ఆపి ఈ సభకు వచ్చాను.

లిడియా గారూ, మీరెందుకు వెళ్తున్నారో అర్థమైందని చెప్పలేను. వెళ్ళకపోతే బాగుండునని ఉంది. దేవరాజ్ గారికి ఒక్కటే మనవి: సభ అయ్యాక మీరొక్కరే నా వెనక నిలబడి, నోరు మెదపకుండా చూడండి, నేను ఎక్కడ ఆగిపోయానో.

ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆ సైన్యం ఇంకా వానలోనే నిలబడి ఉంది, నేను పోవాలి. సెలవు.