ప్రింటర్ హెడ్డుకు పెట్టిన బొట్టు

"పెద్దబాపూ, ఎల్బీనగర్ల ఆన్‌లైన్ సెంటర్ పెడుతున్న గదా, ఏ కంపెనీ ప్రింటర్ కొనమంటవు?"

ఏ కంపెనీ అంటే ఏం జెప్పాలె బిడ్డా. దిల్‌సుఖ్‌నగర్ల ఇరవై ఏండ్లు గీ డబ్బాల కడుపులు కోసినోన్ని. అన్ని కంపెనీలూ మంచియే, అట్టపెట్టెల ఉన్నంతసేపు.

ఇగో, ఒక రకం ఉంటది. మిషిని అగ్గువకొస్తది, రంగు నింపిన కాట్రిజి మాత్రం పిరం. అల్లుడు మంచోడే, మర్యాదలకే ఇల్లు గుల్లయితది, అట్లన్న మాట. గనీ దాంట్ల రంగు జిమ్మే హెడ్డు కాట్రిజికే ఉంటది. మొరాయిస్తే కాట్రిజి మార్చు, లేచి కూసుంటది. రెండోది ట్యాంకుది. సీసాతోని రంగు పోస్తే నెలలకు నెలలు నడుస్తది. హెడ్డు మిషిన్లనే ఉంటది గావట్టి, కొన్నొద్దులు ముట్టకపోతే రంగు ఎండి మూస్కపోతది. మూడోది మస్తు గట్టిది, చెడిపోనే పోదు. చెడిపోతే మాత్రం పార్టు ఢిల్లీ నుంచి రావాలంటరు. నడుసుకుంట వస్తదేమో మరి, నేనైతే వచ్చింది సూడలె.

చాయ్ సల్లారుతుంది, తాగు. దుకాణం పెట్టిన కొత్తల మూడు రూపాయలకే వస్తుండె చాయ్... ఆఁ, ఏం జెప్తున్న? హెడ్డు.

సుజాతమ్మ అని ఒకామె ఉండె. గోదావరి దిక్కు మనిషి, చంపాపేట్ల చిన్న జిరాక్స్ దుకాణం. ఉన్నదే ఒక ట్యాంకు ప్రింటర్. దసరాకు ముందు రిపేరుకు తెచ్చింది. "బాబాయ్ గారండీ, కోచింగోళ్ళు నోట్సుల పనంతా నాకిస్తానన్నారండి. పండగ వెళ్ళగానే మొదలెట్టాలి, ఎల్లుండికి ఇచ్చేయండి" అన్నది. ఆ పని మీదనే ఆమె ఆశంత. రోలర్ మార్చిన, నడిపి చూసిన, ప్రింటు అద్దం లెక్క వచ్చింది. అప్పుడే ఇచ్చేస్తే అయిపోతుండె గదా! ఇయ్యలె. గట్లుంటది నా తెలివి.

మనం పోచంపల్లోళ్ళం గదా. మీ తాత దసరాకు మగ్గానికి బొట్టు పెట్టి, పండుగ ఎల్లేదాక ఎవ్వర్నీ ముట్టనిచ్చెటోడు కాదు. నేను మగ్గం ఇడిసిన గనీ ఆ పద్ధతి ఇడువలె. దుకాణంల ఉన్న మిషిన్లన్నిటికీ పూజ. మగ్గం మీద నూలు మోసే నాడె అటూ ఇటూ ఉరుకుతది సూడు, ప్రింటర్ల హెడ్డు సుత గంతే. ఖాళీగ ఉన్నప్పుడు అది మూలకు పోయి, మూత మీద కూసుంటది, ఎండకుంట. నేనేం జేసిన? బొట్టు పెట్ట అందాలెనని, అది నడుమకు రాంగనే కరెంటు తీసేసి, ఆడనే నిలవెట్టి, పసుపు కుంకుమ పెట్టిన. పెద్ద మొనగాణ్ణి. మూత ఎందుకుంటదో ఊరందరికి పాఠాలు జెప్పేది నేనే మల్ల.

ఆమె వస్తే "పూజల ఉన్నదమ్మా, కదిలియ్యద్దు" అని తిప్పి పంపిన.

ఆరు రోజులకు తాళం తీసి, స్విచ్చేస్తే తెల్ల కాయితమే వచ్చింది. కడిగిన, మల్ల కడిగిన. ఒక్క నీలం గీత వచ్చింది, ఎక్కిరిచ్చినట్టు. కుంకుమ సుత లోపలికి దిగింది. నేను కడుగుడుల ఉండంగనే కోచింగోళ్ళు ఆ పని పక్క దుకాణానికి ఇచ్చిండ్రు.

ఆమె తిట్టలె. తిడితే బాగుండు. "మీ భక్తి మీకు బానే ఉందండి, నా కడుపు మీద కొట్టారు" అన్నది. తల కొట్టేసినట్టయింది బిడ్డా. తప్పు నాదే. నా సొంత మిషిని తీస్కపొమ్మన్న. ముట్టలె. "ఎలా కడగాలో నేనే నేర్చుకుంటాను" అని ఆ ఎండిన ప్రింటర్‌నే ఆటోల ఏసుకొని పోయింది.

నేర్సుకున్నది సుత! ఇప్పుడు చంపాపేట్ల, సైదాబాద్ల ఏ ప్రింటర్ మొరాయించినా ఆమెకాడికే. నా గిరాకీ సగం అటే పాయె. మంచిగైంది నాకు.

గందుకే, ఏ కంపెనీ అనేది ఆమెనడుగు పో. నాకన్న ఎక్కువ తెలుసు. నేను ఆ దుకాణం ముంగట నుంచి బస్సుల పోతుంట గనీ దిగ. మొకం సెల్లదు. నువ్వు మాత్రం ఏది కొన్నా రోజుకొక కాయితం రంగుల ప్రింటు తియ్యి, పండుగైనా సరే. సల్లగుండు బిడ్డా, నీ సెంటర్ మంచిగ నడవాలె.

ఆమెకాడ నా పేరు ఎత్తకు, ఇనవడ్డదా?

...పోనీ, ఎత్తు. ఏమన్నదో మాత్రం సక్కగ వచ్చి నాకు జెప్పు.