గురువారం గది కుర్చీలు

సభకు అధ్యక్షత వహిస్తున్న ఆసుపత్రి డైరెక్టరు గారికి, ఇవాళ రిటైరవుతూ, ఆయన పక్కన పూలగుత్తిని ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా డాక్టరమ్మకి, ముందు వరసలోని పెద్దలకి, ఫ్యాను కింద చోటు కోసం అందరికంటే ముందొచ్చిన నా తోటి పేషెంట్లకి, డ్యూటీ మధ్యలో తలుపు దగ్గర నిలబడి వింటున్న సిస్టర్లకి, అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఫోన్లో రెండు మాటలు చెప్పారు. క్లుప్తంగా మాట్లాడమన్నారు, కాస్త సంతోషంగా మాట్లాడమన్నారు. వారం వారం పత్రికలో ఎవరో ఒకరితో తగువు పెట్టుకోవడమే నా ఉద్యోగం కాబట్టి రెండో మాట ఎందుకు చెప్పారో నాకు అర్థమైంది. మొదటిది ఎందుకు చెప్పారో మా ఆయన్ని అడగండి. (నవ్వులు) సంతోషంగానే మాట్లాడతాను. నేను సంతోషంగా ఉన్నప్పుడు కూడా గొంతు ఇలాగే ఉంటుంది.

ఈ హాల్లో సగంమందికి మా జబ్బేమిటో ఒంటితో తెలుసు. మిగతా సగంమంది వాళ్ళతో పాటు వచ్చినవాళ్ళు, అంటే ఇన్నేళ్ళూ వేడినీళ్ళ సంచీ అందించి పక్కగదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ కోసం చెబుతున్నాను. గర్భసంచి లోపలి గోడకి ఉండే పొరలాంటిదే, ఉండకూడని చోట, అండాశయాల మీదా పేగుల మీదా బయట ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. నెలనెలా అదీ వాస్తుంది, అదీ రక్తం కారుస్తుంది, ఆ రక్తానికి బయటికి దారి ఉండదు. దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. నోరు తిరగకపోతే ఫరవాలేదు, నా పత్రిక ఎడిటరుకీ తిరగలేదు. దాని మీద నేను రాసిన వ్యాసంలో ‘గర్భసంచి’ అన్నచోటల్లా ‘సున్నితమైన భాగం’ అని దిద్దాడు. ‘ఇంటిల్లిపాదీ చదివే పత్రికండీ’ అన్నాడు. ఆ ఇంటిల్లిపాదీ ఎక్కడి నుంచి వచ్చారయ్యా అని అడిగాను. (నవ్వులు)

నా మొదటి ఆపరేషను ఇక్కడ జరగలేదు. ఆ ఆసుపత్రి ఏదో చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు, అలాంటివి చాలా ఉన్నాయి. ఇంటికి పంపేరోజు అక్కడి సర్జనుగారు నా మంచం పక్కన నిలబడి, చెయ్యి దులుపుకుని, ‘అంతా శుభ్రం చేసేశాం, ఇక జన్మలో రాదు’ అన్నారు. ఆ మాట నేను ఎంత గట్టిగా నమ్మానంటే, ఆఫీసులో నా సొరుగులో ఉండే నొప్పి మాత్రలన్నీ తీసి పారేశాను. చాలాకాలం హాయిగా ఉన్నాను, ఆ మాట కూడా చెప్పాలి. తర్వాత ఒకరోజు ప్రెస్సు మెట్లు దిగుతుంటే పొత్తికడుపులో పాత చెయ్యి మళ్ళీ పిడికిలి బిగించింది. నేను రెయిలింగు పట్టుకుని నిలబడి, ‘గ్యాసై ఉంటుంది’ అనుకున్నాను. రాదన్నారుగా మరి. రాదన్నది వచ్చిందంటే తప్పు నాదే అయ్యుండాలి. చెప్పగానే ఇంట్లోవాళ్ళు కూడా అదే అడిగారు, ఏం తిన్నావు, ఏం మోశావు, ఎందుకంత కోపం పెట్టుకుంటావు. కోపం వల్ల కడుపులో గడ్డలు వచ్చేటట్టయితే నా వ్యాసాలు చదివే మంత్రులందరికీ ఈపాటికి ఆపరేషన్లు అయ్యుండాలి. (నవ్వులు)

డైరెక్టరు గారూ, ఇది మీరు జాగ్రత్తగా వినాలి. ‘ఇక రాదు’ అన్న ఆ ఒక్క మాట నన్ను డాక్టరు గుమ్మం తొక్కనీయకుండా చేసింది. జబ్బుకి నేను భయపడలేదు, సిగ్గుపడ్డాను. పరీక్ష తప్పిన పిల్ల ఇంటికి రావడానికి సిగ్గుపడ్డట్టు. నేను దాన్ని దాచినన్నాళ్ళూ అది పెరిగింది. దాచలేని స్థితి వచ్చాక, ఎవరో చెబితే, ఈ డాక్టరమ్మ దగ్గరికి వచ్చాను.

ఈవిడ నన్ను పరీక్ష చేసి, స్కానింగు చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ‘మళ్ళీ వచ్చింది. కొందరికి వస్తుంది. నువ్వేం చెయ్యలేదు’ అంది. ఆ మూడోమాటకి నేను ఏడ్చాను. ఏడుస్తుంటే ఓదార్చలేదు. ‘గురువారం మధ్యాహ్నం రా, ఆపరేషను సంగతి అప్పుడు’ అని తర్వాతి పేషెంటుని పిలిచింది. ఓదార్చడంలో ఈవిడకి మార్కులు వెయ్యలేం. (నవ్వులు, డాక్టరమ్మ కూడా)

గురువారం గది అంటే ఏదో అనుకోకండి. స్కానింగు గది పక్కన, చక్రాల కుర్చీలు పెట్టే గది. గురువారం మధ్యాహ్నం వాటిని వరండాలోకి నెట్టి ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేస్తారు. ఆపరేషను చేయించుకోబోయేవాళ్ళు ఒకపక్క, చేయించుకున్నాక మళ్ళీ వచ్చినవాళ్ళు ఒకపక్క. మళ్ళీ వచ్చినవాళ్ళే ముందు మాట్లాడాలి, అది నియమం. ‘ధైర్యంగా ఉండు’ అనకూడదు, అది ఇంకో నియమం. డాక్టరమ్మ తలుపు దగ్గర చిన్న స్టూలు మీద కూర్చుని కమలాపండు ఒలుచుకుంటూ ఉంటుంది. పేషెంట్లు అడిగేదాకా నోరు విప్పదు. ఆపరేషను చెయ్యడానికి చేతులుంటే చాలు, ఆ స్టూలు మీద నోరు మూసుకుని కూర్చోవడానికి ఇంకా ఏదో కావాలి. నాకైతే లేదు.

అక్కడ నాకు ఎదురుగా ఒక టైలరమ్మ కూర్చుంది. అదిగో, మూడో వరసలో, ఆవిడ మాట ఎత్తానో లేదో అప్పుడే నవ్వుతోంది. ఆవిడకి రెండుసార్లు తిరిగొచ్చింది. నేను వెళ్ళీవెళ్ళగానే, ‘ఈసారైనా మళ్ళీ రాదని గ్యారంటీ ఇస్తారా’ అని గదిని నిలదీశాను. టైలరమ్మ నన్ను పైనుంచి కిందకి చూసి, ‘నువ్వు ఎప్పుడైనా బట్టలు కుట్టించుకున్నావా తల్లీ’ అంది. కుట్టించుకున్నానన్నాను. ‘ఇక జన్మలో బిగుతవదని ఏ టైలరైనా రాసిచ్చాడా? ఒళ్ళు మారితే మళ్ళీ తెస్తావు, కుట్టు విప్పి సరిచేస్తాం. అంతమాత్రాన మొదటిసారి కుట్టింది దండగైపోతుందా? ఇన్నాళ్ళూ తొడుక్కోలేదూ?’ అంది. వెంటనే పక్కావిడ, ‘నీ దగ్గర కుట్టించుకుంటే మొదటిరోజే బిగుతేలే పిన్నీ’ అంది. పొట్ట పట్టుకుని నవ్వారందరూ. ఆ గదిలో పొట్ట పట్టుకోవడం మామూలే, నవ్వుతూ పట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

ఆ రోజు మా అత్తగారు కూడా వచ్చింది నాతో. నేను రమ్మనలేదు. ‘పిల్లలు పుడితే అదే పోతుంది’ అని ఏళ్ళ తరబడి నాకు వైద్యం చేసింది ఆవిడే కాబట్టి, రెండో అభిప్రాయం చెప్పడానికి వచ్చింది. అందరూ మాట్లాడటం అయ్యాక, ఎవరూ అడక్కుండానే, ‘నేను తువ్వాలు కొరుక్కునేదాన్ని’ అంది. ‘మా అత్తకి వినపడితే నాటకాలంటుందని, తలుపేసుకుని తువ్వాలు నోట్లో కుక్కుకునేదాన్ని. ముగ్గురు పుట్టారు. ఏం పోలేదు’ అంది. ‘మరి నాకెందుకు అలా చెప్పావత్తయ్యా’ అని అడిగాను. ‘నాకు చెప్పిందే నీకూ చెప్పాను. వేరే మాట నాకెవరు చెప్పారే’ అంది. డాక్టరమ్మ లేచి ఆవిడ చేతిలో కమలాపండు తొనలు పెట్టి మళ్ళీ వెళ్ళి కూర్చుంది. నా పెళ్ళయ్యాక ఆవిడా నేనూ ఒకే పక్షాన కూర్చోవడం అదే మొదలు. ఇవాళ కూడా వచ్చింది. చెవుల మెషీను తీసేసుకుంది, నేను అరుస్తానని. (నవ్వులు)

రెండో ఆపరేషను ఈవిడే చేసింది. చేశాక మంచం పక్కన నిలబడి, ‘కనిపించింది తీశాను. కనిపించనిది మిగలొచ్చు. మాత్రలు వేసుకుంటే తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది, పోదు. వస్తే వెంటనే రా, దాచుకోకు’ అంది. నేను మాత్రలు మానేస్తే, ‘తగువులకి టైముంది, మాత్రకి లేదా’ అని వరండాలో అందరి ముందూ తిట్టింది. ఈవిడతో తగువులో నేను ఎప్పుడూ గెలవలేదు, ఆ విషయం ఎక్కడా రాయలేదు కూడా.

ఇప్పుడెలా ఉన్నానంటారా? మొన్న ఊరు వెళ్ళడానికి రైలు టిక్కెట్టు కొన్నాను. కొన్నాక, ఇంటికొచ్చాక, గుర్తొచ్చింది, క్యాలెండరు చూడకుండా కొన్నానని. ఆ తారీఖుకి నాకు ఎలా ఉంటుందో లెక్క వేసుకోకుండా కొన్నానని. ఆడవాళ్ళకి అర్థమైంది, చూడండి. మగవాళ్ళు ఇంటికెళ్ళి అడగండి. ఇది మళ్ళీ రాదని కాదు, రావచ్చు. కానీ మధ్యలో ఉన్న ఈ కాలమంతా నాది. దీన్ని ‘మళ్ళీ వస్తుందేమో’ అన్న భయానికి అద్దెకివ్వను.

ఇక్కడితో ఆపి కూర్చుంటే నిర్వాహకులు ఊపిరి పీల్చుకునేవారు. కానీ ఇందాక మెట్లెక్కుతుంటే ఒక అమ్మాయి కలిసింది. బ్యాంకులో పనిచేస్తుంది, వచ్చేవారం ఆపరేషను. ‘మళ్ళీ రాదు కదండీ?’ అని నా చెయ్యి పట్టుకుంది. ‘గురువారం గదికి రామ్మా, చెబుతారు’ అన్నాను. ‘గురువారాలు ఇక లేవటండీ. వీడియో చూడమన్నారు’ అంది. కిందికెళ్ళి చూశాను. గది ఖాళీ. గోడకి కొత్త తెర బిగించి ఉంది. కుర్చీలేవి అని అడిగితే, ‘సభకి పైకి పట్టుకెళ్ళారు, మళ్ళీ కిందికి తేవొద్దన్నారు’ అని చెప్పారు.

మీరందరూ కూర్చున్నవి ఆ కుర్చీలే.

(కుర్చీలు కదిలిన చప్పుడు)

డైరెక్టరు గారూ, ఇందాక మిమ్మల్నే అడిగాను, మర్యాదగానే అడిగాను. ‘ఆ గదిలో మాటలు విని కొందరు భయపడి వేరే ఆసుపత్రులకి వెళ్ళిపోతున్నారు. వచ్చినవాళ్ళకి ఆశ కల్పించాలి కదమ్మా’ అన్నారు. మీ బాధ అబద్ధమని అనను. వెళ్ళినవాళ్ళు ఉన్నారు. కానీ రాదని చెప్పించుకోవడానికి వెళ్ళినవాళ్ళు, రేపు అది వస్తే, నాలాగే దాక్కుంటారు. రావచ్చని తెలిసి వెళ్ళినవాళ్ళు ముందే వస్తారు, నడిచి వస్తారు. టైలరమ్మ ముందే వచ్చింది. నేను ఆలస్యంగా వచ్చాను. మా ఇద్దరి మధ్య తేడా జబ్బులో లేదు, మాకు చెప్పిన మాటలో ఉంది. మీ వీడియోలో అందరూ నవ్వుతూ ఉన్నారు. అందులో ఒక్కరైనా ‘నాకు మళ్ళీ వచ్చింది, అయినా ఇదిగో నవ్వుతున్నాను’ అంటే, ఆ తెర నేనే తుడుస్తాను. ఆశ అంటే అదండీ. మిగతాది ప్రకటన.

ఆ గురువారం గదిని డాక్టరమ్మ చేతుల్లోంచి తీసుకోబోయేది మన చిన్న డాక్టరమ్మ. ఏమ్మా, ఆ స్టూలు మీద కూర్చుంటావా? (చిన్న డాక్టరమ్మ లేచి: ‘కూర్చుంటానండీ. నోరు మూసుకుని కూర్చోవడమే అలవాటు చేసుకోవాలి.’ నవ్వులు) మా డాక్టరమ్మ కూడా ఏదో అంటోంది, మైకు ఇవ్వండి. (డాక్టరమ్మ: ‘గురువారాలు నాకు ఖాళీయేగా ఇక. పేషెంట్ల పక్కన కూర్చుంటా.’) విన్నారుగా. డైరెక్టరు గారు తల ఊపారు. అది అవునో కాదో నాకు తెలియలేదు, నేను అవుననే రాసుకుంటాను. రేపు కాదంటే వచ్చేవారం పత్రికలో మాట్లాడుకుందాం.

బ్యాంకమ్మాయీ, నువ్వడిగినదానికి జవాబు ఇదిగో. రావచ్చు తల్లీ. రాకపోవచ్చు. వస్తే ఎక్కడికి రావాలో, ఎవరి పక్కన కూర్చోవాలో నీకు తెలిసి ఉంటుంది.

డాక్టరమ్మా, కనిపించింది తీశావు, కనిపించనిది చెప్పావు. రెండింటికీ కృతజ్ఞతలు. ఓపిగ్గా విన్న పెద్దలకీ, నన్ను క్లుప్తంగా మాట్లాడమన్న నిర్వాహకులకీ కూడా. టీ కింద గురువారం గదిలో ఏర్పాటు చేశాం. వెళ్ళేటప్పుడు ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకు రండి. ఆపరేషనయినవాళ్ళు బరువులు ఎత్తకూడదు, వాళ్ళ కుర్చీలు మొగుళ్ళు పట్టుకుంటారు. నాది డైరెక్టరు గారు తీసుకొస్తారు.

సెలవు.