మూత విప్పితేనే బేరం

వన్ టౌన్‌లో సంపూర్ణమ్మ టీ కొట్టు ముందు బల్ల మీద బసవయ్య కూర్చున్నాడంటే మిగతావాళ్లకి నోరు తెరిచే పని లేదు. నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. షాపు మూసేసి తొమ్మిదేళ్లయింది. అప్పట్నుంచి ఎవరూ ఏ మెషినూ తెచ్చి "కాస్త చూడండి" అనలేదు. ఆ దిగులు ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది.

అందుకే, లాయరు దగ్గర జూనియర్‌గా చేసే రుచిత ఆ మధ్యాహ్నం రెండు లాప్‌టాప్‌లు తెచ్చి బల్ల మీద పెట్టేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఒకటి కొత్తది, తళతళలాడుతోంది. రెండోది వాడిన పాతది. సాయంత్రంలోగా ఒకటి ఉంచుకుని రెండోది షాపులో తిరిగిచ్చేయాలి.

"పవర్ నొక్కగానే అన్నిటికంటే ముందు నిద్రలేచే ప్రోగ్రామే ఫర్మ్‌వేరండీ," అంది రుచిత. "కొత్తదాంట్లో దానికి కంపెనీవాళ్లు తాళం వేసేశారు, లోపలేముందో చెప్పరు. పాతదాంట్లో అయితే అది తీసేసి, ఎవరైనా చదివి చూసుకోగల ఫ్రీ ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చు. క్లయింట్ల గుట్టంతా ఇందులో పెట్టాలి. నాకు నమ్మకం కావాలి."

"ఓస్, ఇంతేనా!" బసవయ్య గ్లాసు కింద పెట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. "డెబ్బై ఎనిమిదిలో ఉయ్యూరు నుంచి ఒకాయన రేడియో కొనడానికొచ్చాడమ్మా. అప్పట్లో మన వీధి రూలేంటంటే, అమ్మేవాడి ఎదురుగానే నేను వెనక మూత విప్పి కొనేవాడికి లోపలంతా చూపించాలి, అప్పుడే బేరం. ఎంత మంచి రోజులవి! ఆ సెట్టు విప్పానా, లోపల ఒక వైరు వంకరగా నవ్వుతోంది. ఇది అబద్ధాల రేడియో అన్నాను. టంకం పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వార్తల్లో వాన లేదని చదువుతుంటే మధ్యలో ఆపేసి, 'బసవయ్యగారూ, గొడుగు పట్టుకెళ్లండి' అనేది!"

"పేరు పెట్టి పిలిచేదా?" అన్నాడు పక్కనున్న సొలొమోను. చర్చిలో మైకు సెట్టు చూసుకునేది ఆయనే.

"ఇంటిపేరుతో సహా! ఇక కంప్యూటర్లొచ్చాయి. నాకు ఫర్మ్‌వేర్ ఒక లెక్కా? చిప్పు పీకి, భూతద్దం పెట్టి చదివి, తప్పులన్నీ టంకం కడ్డీతో చెరిపేసి, మా ఆవిడ పచ్చడి రుబ్బేలోగా కొత్తది రాసేశా. ఆ మెషిను ఎంత నిజాయితీదంటే, స్టేషన్లో పెడితే బండి ఎందుకు లేటో డ్రైవరుకంటే ముందు చెప్పేసేది. సరే, బ్యారేజీకి తీసుకెళ్లారు. వరదొచ్చిన రోజు నేనిక్కడ కూర్చుని బటన్ నొక్కితే డెబ్బై గేట్లూ లేచి నాకు నమస్కారం పెట్టాయి! కృష్ణమ్మ కూడా, 'ముందు మీరు టీ తాగండి' అని ఆగింది!"

అందరూ గొల్లుమన్నారు. రుచిత మాత్రం నవ్వలేదు.

"కొత్తది రాసేముందు, చిప్పులో ఉన్న పాతది ఎక్కడ దాచారండీ?"

"దాచడమేంటమ్మా? ఆ చెత్త ఎవడిక్కావాలి?"

"కాపీ తీసి దాచుకోకుండా ఎవరూ చిప్పు మీద చెయ్యి వెయ్యరండీ. రాతలో కాస్త తేడా వచ్చినా మెషిను మళ్లీ లేవదు. ఒక్కసారి చేసినవాళ్లెవరైనా ముందు ఆ మాటే చెబుతారు."

సొలొమోను తల తిప్పుకున్నాడు. బసవయ్యకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"చెయ్యలేదమ్మా," అన్నాడు చివరికి. "ఫర్మ్‌వేరన్న మాటే ఇవాళ నీ నోట విన్నాను. తొమ్మిదేళ్ల తర్వాత ఒకళ్లు అడిగారు. తెలీదంటే లేచి వెళ్లిపోతావేమోనని భయమేసింది."

"మూత విప్పడం నిజమేనా?"

"అది నిజం. ఒట్టు."

రుచిత పాత లాప్‌టాప్ తిరగేసి, స్క్రూడ్రైవర్ ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక్కో మర తీసి వరుసగా గుడ్డ మీద పేర్చాడు. మూత ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇదిగో, ఈ మూల తుప్పుంది. తుడవగలను. ఈ టంకం కంపెనీదే, ఎవరూ కెలకలేదు. ఇక చిప్పులో ఏం రాసుందో నాకు తెలీదమ్మా."

సంపూర్ణమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది. "ఈయన నోట తెలీదన్న మాటా!"

"అయితే ఇదే ఉంచుకుంటాను," అంది రుచిత.