గంట పువ్వుకి కాసిన దానిమ్మ

వడగళ్ళు వెలిశాక తోట మనిషి ఒక్క మాటే మాట్లాడాడు. "ట్రాక్టరు పిలిపించు, చెట్లు పీకించేద్దాం," అన్నాడు భార్యతో. తర్వాత పళ్ళు సర్దే షెడ్డులో ఖాళీ క్రేటు బోర్లించుకుని కూర్చున్నాడు. మళ్ళీ పెదవి విప్పలేదు. పెట్టిన కంచం పెట్టినట్టే ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే ఆమెకి ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది. పురుగుమందు చుక్క కొట్టకుండా, పుచ్చిన కాయల్ని చేత్తో ఏరిపారేస్తూ, చెట్లని పసిపిల్లల్లా సాకిన దానిమ్మ తోట. కాయంతా నేలపాలైంది, సరే. చెట్లు చావలేదు కదా. చీలిన కొమ్మల్ని వెంటనే కోసి, బెరడు లేచిన చోట బంకమట్టి పూస్తే బతుకుతాయి. ఆలస్యమైతే కుళ్ళు లోపలికి దిగుతుంది. ఏ కొమ్మ ఉంచాలో ఏది తీయాలో తెలిసిన కళ్ళు ఆయనవే, ఆ కళ్ళేమో నేల మీంచి లేవడం లేదు. పొద్దున ఆమె తోటలోకి వెళ్తే చిరిగిన ఆకుల మధ్య అక్కడక్కడ కొత్త పువ్వులు విచ్చుకుని ఉన్నాయి. వచ్చి ఆ సంగతి చెప్పింది. ఆయన విన్నట్టే లేడు. ఇక మాట కాదనలేక ట్రాక్టరాయనకి కబురు పెట్టింది.

సాయంత్రానికి ట్రాక్టరాయన వచ్చాడు, పక్క తోటలో తేనెపెట్టెలు పెట్టుకున్న పిన్ని వచ్చింది. చావింట్లో కూర్చున్నట్టు టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు దిగాడు ఆమె అన్నయ్య. ఊరంతా ఆయన్ని కోతలాయన అంటారు. వీడి మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అని కన్నతల్లే అనేది. బావకి ఒక ఓదార్పు మాటైనా చెబుతాడని చెల్లెలు ఎదురు చూసింది. ఆయన తిన్నగా వచ్చి, టీ అందుకుని, మొదలుపెట్టాడు.

"వడగళ్ళంటే గుర్తొచ్చింది. మా మేనమామ తోట చూసే రోజుల్లో ఇంతకంటే పెద్ద వాన పడింది. గోనెసంచులు కప్పి ఓ పది చెట్లు కాపాడాను."

అది జరిగే పనేనని ట్రాక్టరాయన తలూపాడు.

"సంచులు అయిపోయాయి. దుప్పటి కప్పాను, చొక్కా కప్పాను, ఇంకొక్క చెట్టు మిగిలిపోయింది, కప్పడానికి ఒంటి మీద నూలుపోగు లేదు, ఏం చేస్తాను, నేనే ఎక్కి దాని మీద బోర్లా పడుకున్నాను. మొదట నిమ్మకాయంతేసి పడ్డాయి, తర్వాత కొబ్బరికాయంతేసి. నా వీపు మీద పడి అవే పగిలేవి."

"దానిమ్మకి ముళ్ళుంటాయి కదయ్యా," అంది పిన్ని.

"ఉంటాయి పిన్నీ. పాపం, నన్ను చూసి ముడుచుకున్నాయి. తెల్లారి చూస్తే చుట్టుపక్కల తోటలన్నిటిలో ఒక్క పువ్వు మిగిలింది, నా పొట్ట కింది పువ్వు. అది కాయైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాయల్లేక ఖాళీగా ఉన్న చెట్లన్నిటి బలమూ వేళ్ళ దారిన వచ్చి దానికే చేరింది. గుమ్మడికాయంతైంది, గాదెంతైంది. ఊతకర్రలు పెడితే విరిగాయి. ఇంటి దూలం పీకి పెట్టాను, ఇల్లు కూలింది. ఇక ఉండేదెక్కడ? అదృష్టం కొద్దీ కాయ ఒక పక్క పగిలింది. దీపం పట్టుకుని లోపలికెళ్ళాం. లోపలన్నీ గదులే. ఒక్కో గింజ బిందెంత. ఆ చలికాలమంతా ఏడు కుటుంబాలు అందులోనే కాపురం చేశాయి, ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పటికీ ఎర్రగానే ఉంటారు, కావాలంటే చూపిస్తాను."

ట్రాక్టరాయనకి నవ్వొచ్చింది, క్రేటు మీది మనిషిని చూసి మింగేశాడు. ఆమెకి తల కొట్టేసినట్టైంది. వేళాపాళా లేదా ఈయనకి? "అన్నయ్యా, ఇక చాలు," అంది.

ఆయన ఆగలేదు. గొంతు మాత్రం తగ్గించాడు.

"నవ్వకండి. ఆ పువ్వు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అడుగు సన్నగా, అంచు విచ్చుకుని, అచ్చం గంటలా ఉండేది."

షెడ్డు రేకు మీంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి.

"గంట పువ్వు కాయ కట్టదు."

గొంతు బొంగురుగా ఉంది. ముగ్గురూ క్రేటు వైపు తిరిగారు. కోతలాయన మాత్రం తిరగలేదు.

"కట్టింది," అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"కట్టదు బావా. అడుగు లావుగా కుండలా ఉన్న పువ్వే కాయవుతుంది. గంట పువ్వు ఉన్నన్నాళ్ళుండి రాలిపోతుంది. దాని మీద నువ్వు పడుకున్నా అంతే, పడుకోకపోయినా అంతే."

"నా చెట్టు నువ్వు చూశావా?"

"నీ చెట్టు చూడక్కర్లేదు. లే, చూపిస్తాను." మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. బావ వస్తున్నాడో లేదో చూడకుండానే తోటలోకి నడిచాడు.

గాదెంత కాయని, అందులో ఏడు కాపురాల్ని నోరెత్తకుండా సహించిన మనిషి ఒక్క పువ్వు దగ్గర సహించలేకపోయాడు. ఆమె అన్నయ్య వైపు చూసింది. తోట మొదటిసారి పూసిన ఏడాది, రాలిన పువ్వుల్ని చూసి కన్నీళ్ళు పెట్టుకుంది ఈ అన్నయ్యే. ఏ పువ్వు నిలుస్తుందో ఏది నిలవదో చెట్టుచెట్టు దగ్గరా నిలబెట్టి అన్నయ్యకి చెప్పింది తన భర్త. అప్పట్నుంచి వచ్చినవాళ్ళందరికీ తానే కనిపెట్టినట్టు ఆ ముక్క అప్పజెబుతుంటాడు అన్నయ్య. మర్చిపోయే అవకాశమే లేదు. అన్నయ్య చేతిలో టీ ఎప్పుడో చల్లారిపోయింది.

తోటలోంచి కేక వినిపించింది. పువ్వు గురించి కాదు.

"ఈ చీలిక ఇలాగే వదిలేశారేంటి? కత్తి పట్టుకురా. మట్టి నానబెట్టావా?"

 నానబెట్టానని కేకేసి చెప్పి ఆమె కత్తి కోసం లేచింది.

"మరి రేపు నన్ను రమ్మంటారా, వద్దా?" అనడిగాడు ట్రాక్టరాయన.

"వెనక తొట్టి తగిలించుకుని రా. రాలిన కాయ ఎత్తిపోయాలి కదా," అన్నాడు కోతలాయన. కత్తి తీసుకుని పరిగెత్తబోతున్న చెల్లెల్ని ఆపి, గోడకి వేలాడే రంపం తీసి చేతికిచ్చాడు. "ఇది కూడా పట్టుకెళ్ళు. మీ అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదని చెప్పు. ఇప్పుడే ఒప్పుకున్నానంటే, వచ్చి మళ్ళీ ఆ క్రేటు మీదే కూర్చుంటాడు."