యురాక్ తాత మీద కొత్త మంచు

గుమ్మంలోనే నిలబడి చలిగాలినంతా లోపలికి పంపుతారేంటి, ఇంజనీరు బాబూ? రండి. ఎప్పుడైనా నేను పిలిస్తే వచ్చారా మీరు? భుజం మీది సంచి దించకముందే "ఫొర్తునాతమ్మా, పొయ్యి వెలుగుతోందా" అంటూ దూరిపోయేవారు కదా.

కూర్చోండి. మా ఆయన పీటే, అయితే ఏం? ఖాళీగా ఉంటే రోజంతా అటే చూస్తున్నాను. ఎవరో ఒకరు కూర్చుంటే నాకు కాస్త నయం.

మీ మీద కోపంగా ఉన్నానా అని అడగడానికి వచ్చారు. అడగలేక టోపీ నలుపుతున్నారు. ఉంది. ఎందుకుండదు? మీ మీద ఉంది, మరిది ఇలారియో మీద ఉంది, పోయిన మనిషి మీద అందరికన్నా ఎక్కువ ఉంది. మీ వంతు కొంచెమే లెండి.

మొదటిసారి వచ్చినప్పుడు గుర్తుందా? బడి గదిలో ఊరంతా కూర్చున్నాం. మీరు గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. మా కొండ, యురాక్ తాత నెత్తిన ఉన్న మంచు ఏటేటా తగ్గిపోతోందని, ఇంకో ఇరవై ఏళ్ళకి కింది వైపు మంచుగడ్డ మొత్తం కరిగిపోతుందని. తర్వాత ఊటలు ఎండుతాయి, చిత్తడి నేలల్లో పచ్చిక పోతుంది, ఇప్పట్నించే మందలు తగ్గించుకోండి, నీళ్ళకి గుంటలు తవ్వుకోండి అని.  మా ఆయనే లేచాడు.

"పోయినేడు ఇంకొకాయన వచ్చి లోకం అంతమైపోతుందని చెప్పాడు. ఇప్పుడు సికువానీ సంతలో ఫోను కవర్లు అమ్ముకుంటున్నాడు. తమరేం అమ్ముతారు?"

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. మీరూ నవ్వారు. అదిగో, అదీ మీరు చేసిన పని. ఆ రోజు మూతి ముడుచుకుని వెళ్ళిపోయి ఉంటే ఆయన మిమ్మల్ని మరిచిపోయేవాడు. నవ్వారు గనక భుజం మీద చెయ్యేసి ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ తర్వాత ఇక ఈ వంటింట్లోనే కదా మీ ఇద్దరి యుద్ధం. మంచులో పాతారే ఆ తెల్ల ప్లాస్టిక్ కర్రలు, వాటి గురించే. పోయినసారి మునిగి ఉన్న కర్ర ఇప్పుడు నడుమెత్తు బయటికొచ్చింది చూడండి మెలితోన్ గారూ, అంత మంచు కరిగిందన్నమాట, అని మీరు. "కర్ర పాతారు, మొలిచింది. అందులో వింతేముంది" అని ఆయన.

"లోకం వేడెక్కుతోందంటారు, మరి నా చెవులెందుకు గడ్డకడుతున్నాయి?" అనేవాడు. ఒక్క రోజు చలి వేరు, ఏళ్ళ తరబడి లెక్క వేరు అని మీరు ఓపిగ్గా గంటసేపు చెప్పేవారు. కోకా ఆకు బుగ్గన పెట్టుకుని అంతా వినేవాడు. విని, "మీ కంప్యూటర్ని ఒక్క రాత్రి మా దొడ్లో పడుకుని ఆ మాట చెప్పమనండి" అనేవాడు.

నేను నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగేదాన్ని.

మీరు వెళ్ళిపోయాక రెండు రోజులు ఆయనకి ఏమీ తోచేది కాదు. మీకది తెలీదు. ఆల్పకాల మందని తోలుకుపోతూ దారంతా గొణుక్కునేవాడు, మీకు ఏం జవాబు చెప్పి ఉండాల్సిందో అని.

మంచు తగ్గడం ఆయనకి కనపడలేదనుకున్నారా?

కనపడింది బాబూ. చిన్నప్పుడు జంతువు తోలు కింద వేసుకుని జారుడు ఆడేవారట, ఆ చోటు నాకు చూపించాడు పెళ్ళయిన కొత్తలో. అప్పుడు మంచే. ఇప్పుడక్కడ ఉత్త బండ. నాచు కూడా పట్టింది. ఒకసారి మంద వెనక పోతుంటే ఆ బండ దగ్గర ఆగిపోయాడు. వంగి అరచేత్తో తడుముతున్నాడు, జబ్బుపడ్డ గొడ్డుని తడిమినట్టు. ఏంటయ్యా అన్నాను. "ఏం లేదు, మోకాలు పట్టేసింది" అన్నాడు.

నేను ఇంకో మాట అడగలేదు. మొగుడి మోకాలి సంగతి నాకు తెలీదా?

నమ్మితే ఏం చేయాలో చెప్పండి. గుంటలు తవ్వాలి, సరే. తవ్విన గుంటలోకి నీళ్ళు రాకపోతే? మంద అమ్ముకుని సికువానీ పోయి ఆ వయసులో ఆటో తోలాలా? ఆయనకి వచ్చిన పని ఒక్కటే. వాళ్ళ నాన్నకి వచ్చిందీ అదే. మీ మాట ఒప్పుకుంటే ఆయన చేతిలో ఇంకేం మిగలదు. అందుకని మిమ్మల్ని అబద్ధాలకోరన్నాడు. మిమ్మల్ని అన్నంత తేలిక కాదు కదా, యురాక్ తాతని చచ్చిపోతున్నావని అనడం.

ఇక ఈ చలికాలం మంచు.

అలాంటిది నా ఎరుకలో లేదు. పగలూ రాత్రీ తేడా లేకుండా కురిసింది. దొడ్డి గోడలు కనపడలేదు. మేత మంచు కింద పడిపోయి జంతువులు ఆకలికి అరిచాయి. పారలు పట్టుకుని ఇద్దరం గడ్డి కోసం తవ్వాం, వేళ్ళు కొయ్యబారిపోయాయి. ముసలి ఆల్పకాలు కొన్ని నిలబడ్డ చోటే ఒరిగిపోయాయి. నేను ఏడుస్తున్నాను. ఆయన, ఆ చచ్చిన జంతువు తల ఒళ్ళో పెట్టుకుని, పైకి చూసి నవ్వుతున్నాడు.

"చూశావా ఫొర్తునాతా. ఎక్కడికీ పోలేదు. ముసలాయన ఎక్కడికీ పోలేదు."

పిచ్చి పట్టిందా అన్నాను. పట్టలేదు. అంత సంతోషంగా ఆయన్ని నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

నాలుగో నాడు తెరిపిచ్చింది. ఎండ కాసింది. ఆల్పకాలకి మేత వేసి, ఇలారియోని కేకేశాడు. ఇలారియో ఎవరో తెలుసుగా, ఆయన పినతండ్రి కొడుకు, ముగ్గురు పిల్లల తండ్రి, ఈయన వెంట తోకలా తిరిగేవాడు. వాడి దగ్గర ఫోటోలు తీసే ఫోనుంది. "ఇంజనీరు కర్రలన్నీ మునిగిపోయి ఉంటాయి. ఫోటో తీసి పంపుదాం పద. మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూద్దాం."

ఈ గుమ్మంలోంచే వెళ్ళాడు. ఉడికించిన దుంపలు గుడ్డలో కట్టిస్తే వద్దన్నాడు, మధ్యాహ్నానికి వచ్చేస్తానుగా అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. పోయేవాళ్ళు చివర్న ఏదో గొప్ప మాట చెప్పి పోతారంటారే, మా ఆయన దుంపలు వద్దని చెప్పి పోయాడు.

తర్వాతది ఇలారియో చెప్పిందే. కొత్త మంచు పడ్డప్పుడు తాడు లేకుండా పైన నడవొద్దని, అడుగున నీళ్ళు కోసేసి అంతా డొల్లగా ఉందని మీరు చెప్పారట కదా. వాడు గుర్తు చేశాడట కూడా. "తాడు పట్నం వాళ్ళకి. నేను ఈ తాత ఒళ్ళో పెరిగినవాణ్ణి" అన్నాడట.

ఒక కర్ర దొరికింది. జానెడే బయటికుంది. దాని పక్కన నిలబడి, చేత్తో చూపిస్తూ, ఫోటో తీయించుకున్నాడు. మీరు చూశారుగా ఆ ఫోటో. పళ్ళన్నీ బయటపెట్టి. ఇంకోటి తీయి, వెనకాల కొండ మొత్తం రావాలి అని, ఒక్క అడుగు వెనక్కి వేశాడట.

చప్పుడు కూడా లేదట. తెల్లటి మంచు మీద ఒక కన్నం, అంతే. లోపల నీళ్ళు పారుతున్న చప్పుడు వినపడిందట. ఆ చలిలో, అంత మంచు కింద, నీళ్ళు.

ఇలారియో బోర్లా పడుకుని గొంతు పోయేదాకా పిలిచాడు. ఆ తర్వాత కిందికి పరిగెత్తాడు. మలుపు దగ్గర సిగ్నల్ అందగానే ఆ ఫోటో దానంతటదే మీకు వచ్చేసింది. వాడు పంపలేదు, పైన ఉండగానే మా ఆయన నొక్కించాడు, అప్పుడు పోలేదు. వాడు ఇక్కడికొచ్చి, ఈ గుమ్మం పట్టుకుని నిలబడ్డప్పుడు చేతిలో ఫోను కుయ్యిమంది.

మీ జవాబు. "సరే మెలితోన్ గారూ, ఈ ఏడు గెలుపు మీదే. వచ్చి మీ ముందే ఒప్పుకుంటాను."

తల దించకండి. దానికోసమే ఇంత దూరం వచ్చి మొహం చూపించలేకపోతున్నారని నాకు తెలుసు. మీకెలా తెలుస్తుంది, పాపం? నిజం చెప్పాలంటే, తర్వాత ఇలారియో చేత ఆ ముక్క ఎన్నిసార్లు చదివించుకున్నానో. ఆయన్ని గెలిచావని ఎవరో ఒకరు అన్నారు కదా. వినకపోతేనేం.

పోలీసులు వచ్చారు. తాళ్ళు కట్టుకుని దిగారు. లోపల ఇరుకు, కింద నీటి దారి, ఇంక పోలేం తల్లీ అన్నారు. మంచివాళ్ళే, ఒకడి చేతులు చీరుకుపోయి రక్తం కారుతోంది. నేనే వద్దన్నాను చివరికి. ఇంకొకరి పెళ్ళాం నాలా కూర్చోవడమెందుకు?

అయిదో రోజున ఏట్లో ఆయన బట్టలు ఉతికాం, ఆనవాయితీ ప్రకారం. మనిషి లేడు గనక ఆ బట్టలే పూడ్చాం. కప్పుకునే పోంచో, చెవుల టోపీ, బెల్టు. పెట్టె మరీ తేలిగ్గా ఉందని ఇలారియో రెండు రాళ్ళు పెట్టాడు. నాకు కనపడకుండా పెట్టాననుకున్నాడు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీరు జాలిపడి చెప్పకూడదు. బడి గదిలో చెప్పినట్టు చెప్పాలి.

ఆ కింది మంచుగడ్డ ఇరవై ఏళ్ళలో పోతుందన్నారు. అది ఖాయమేనా? మంచు మెల్లగా కిందికి జారుతుందనీ, లోపలున్నవన్నీ అంచు దగ్గర బయటపడతాయనీ ఒకసారి అన్నారు. మనుషులు కూడానా?

ఏంటి, అలా చూస్తారు. ఎప్పుడూ లెక్క కచ్చితంగా చెప్పేవారు కదా.

నాకిప్పుడు యాభై ఎనిమిది. మా అమ్మ డెబ్బై దాకా బతికింది. ఆ ఇరవైలో కొన్నేళ్ళు గడిచినా, ఆయన బయటపడేదాకా నేనుండడం కష్టమే. ఇంకొంచెం తొందరగా కరిగే వీలుందా? పోయినసారి మీరే అన్నారు, అనుకున్నదానికన్నా వేగంగా పోతోందని. అప్పుడు మా ఆయన మీ మీద కోకా ఆకులు విసిరాడు.

ఇవాళ పొద్దున మళ్ళీ మంచు పడింది. చూసే ఉంటారు, దారంతా తెల్లగా. ఊరంతా బయటికొచ్చారు. పచ్చిక బతుకుతుందని, ఊటలు నిండుతాయని యురాక్ తాతకి దణ్ణాలు పెట్టారు. ఇలారియో పిల్లలు గంతులేస్తున్నారు. నన్నూ రమ్మన్నారు, వెళ్ళాను, వాళ్ళ పక్కనే నిలబడ్డాను, చేతులు జోడించాను.

ఎండ కావాలని అడిగాను, బాబూ.

ఆ పసివాళ్ళ నీళ్ళు అవి. వాళ్ళ మంద, వాళ్ళ తిండి. అంతా తెలుసు. తెలిసే అడిగాను. రేపూ అడుగుతాను. ఇన్నేళ్ళు మీరు అరిచి చెప్పినా ఈ ఊళ్ళో ఒక్కరూ మీ మాట నిజమవ్వాలని కోరుకోలేదు, మెలితోన్ పెళ్ళాం తప్ప.

వాళ్ళకి మాత్రం చెప్పకండి.