ఐలమల్లు గొంగడి

ఊరవతల రాళ్లగుట్ట కింద పాత మోటబాయి ఉన్నది గదా, పొద్దు వంగినంక మీరెవ్వలు అటు పోరు, ఎందుకు పోరో మాత్రం మీకెరుక లేదు. నాకెరుక. దగ్గరికి జరుగుండ్రి, నా గొంతు పెద్దగ లేవదు.

ఐలమల్లు నాకు బావ, మా కొమురక్క పెనిమిటి. ముప్పై గొర్లు తప్ప వాళ్లకు ఇంకేం లేదు, గుంట భూమి గూడ లేదు. అక్క బొచ్చు వడికి ఇస్తే బావ మగ్గం మీద నేసుకున్న నల్ల గొంగడి ఒకటుండె, ఎండకదే, సలికదే, వానస్తే తలమీదికెల్లి కొప్పెర ఏసుకునేది అదే. కురుమోడు గొంగడి ఉతుకుతడా యాడన్న? గొర్లు మన మొఖం జూసి గాదు గుర్తువట్టేది, ఆ వాసన జూసి. నేను గూడ కురుమోన్నే, నాకు తెల్వకనా? అయినా ఆయాల్ల నవ్విన, అదే నా ఖర్మ.

ముసురు వట్టిన సాయంత్రం, మంద బాయి పక్క బీడుల మేస్తున్నది, బావ గొంగడి తడిసి మోయలేనంత బరువైంది, నేనేమో సంతల కొత్తగ నీలం ప్లాస్టిక్ పట్టా కొనుక్కొని పోయిన. ఇది కప్పుకో బావా అన్న. గొర్లు బెదురుతయిరా అన్నడు. నీ గొర్లకు సోకులెక్కువైనయని ఎగతాళి జేసి, నేనే గొంగడి గుంజి, పట్టా ఆయన మీద కప్పి, గొంగడి నీళ్లు కారిపోతయని బాయి ఒడ్డు మీది రాతి కంబానికి ఏలాడేసిన, అంతల ఉరిమింది, మంద చెదిరింది, బావ పిలిచిండు, గాలికి పటపట కొట్టుకునే ఆ నీలం పట్టాను జూసి గొర్లు ఇంకింత బెదిరినయ్. బెదిరి ఎటు ఉరుకుతయ్? గొంగడి దిక్కే ఉరికినయ్. ముందటి పొట్టేలు బాయిల వడ్డది, ఇంక గొర్ల సంగతి మీకు తెల్వదా, ఒకదానెనుక ఒకటి, వాటెనుక బావ దుంకిండు. నాకు ఈత రాదు. ఒడ్డున కూసోని ఒర్రిన, అంతే.

బావను బాయిలకెల్లి తీసిన రాత్రి అక్క బొచ్చు వడికే కదురు ఇరిచి పొయ్యిల వెట్టింది. నన్ను తిట్టినా బాగుండు.

యాడాది తిరిగినంక మల్ల ముసుర్ల అటు పోయిన. బాయికాడ బావ కొప్పెర ఏసుకొని నిలవడ్డడు, ఒంటినిండ నీళ్లు. కొడతడనుకున్న. కొట్టలే. బామ్మర్దీ, గొర్లు యాడికి పోయినయ్‌రా, చీకటైతున్నది, మీ అక్కకు ఏం జెప్పాలె అని అడిగిండు. తనకేమైందో ఆయనకు తెల్వదు. నేను ఉరికొచ్చిన. ఇంక ఆడనే ఎతుకుతుండు, ఎవరు పోతే వాళ్లను అడుగుతుండు.

అటు పోకుండ్రి. ఆయన మిమ్ముల ఏం జెయ్యడు, అడుగుతడు. యాభై ఏండ్లాయె, నాతాననే జవాబు లేదు, మీతాన యాడుంటది.